బొగ్గు ఊళ్ల బొటనవేలు

తీగ చెప్పిన చరిత్ర – 11వ భాగం

ఆర్నాల్డ్ షుల్జ్ గిటారు ఎలా మోగేదో ఇవాళ చెప్పగలవాళ్లు లేరు. చెవులారా విన్నవాళ్లు ఎప్పుడో పోయారు. ఆయన వేళ్ల నుంచి వచ్చిన ఒక్క స్వరమైనా ఏ గ్రామఫోను ప్లేటు మీదికీ ఎక్కలేదు. అమెరికాలో కెంటకీ రాష్ట్రపు పడమటి జిల్లాల్లో, ఒకప్పుడు బానిసగా బతికిన తండ్రికి పుట్టిన నల్లజాతి మనిషి. బొగ్గు గనుల్లో పనిచేశాడు, ఊరూరా తిరిగి రాత్రిపూట నాట్యాల దగ్గర వాయించాడు, 1931లో నలభై అయిదేళ్లకే కన్నుమూశాడు. అయినా ఒంటరి గిటారు చరిత్ర రాయాలంటే ఈ మనిషి దగ్గరే మొదలుపెట్టాలి.

షుల్జ్ పుట్టింది 1886లో. ఇల్లందు వాళ్లకు ఆ ఏడాది గుర్తుండాలి. భూగర్భ శాస్త్ర సర్వే అధికారి విలియం కింగ్ మన అడవిలో బొగ్గు జాడ పట్టింది 1871లో. తవ్వుకునే హక్కు హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికి వచ్చింది 1886లో. ఆ కంపెనీ వాటాల గొడవ 1888లో లండన్ పార్లమెంటు విచారణ దాకా వెళ్లింది, అది వేరే ధారావాహికకు సరిపడే కథ. డోర్నకల్ దగ్గర చీలిన రైలు కొమ్మ కోయగూడేల పక్కగా బొగ్గు కోసం వచ్చింది. పక్కనున్న సింగరేణి అనే చిన్న ఊరి పేరు కంపెనీ పేరయింది. మన ఊరిని పాతవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు.

కెంటకీలో మ్యూలెన్‌బర్గ్ కౌంటీ కూడా అలాంటి బొగ్గుట్టే. అక్కడి గని కార్మికుల చేతుల్లో గిటారు కొత్త పని నేర్చుకుంది. గత భాగంలో కిన్నెర గురించి చదివినవాళ్లకు ఒంటరి వాయిద్యగాడి చిక్కు తెలుసు. పక్కన తాళం వేసేవాడుండడు, శ్రుతి పట్టేవాడుండడు, పాట మాత్రం నిండుగా వినిపించాలి. షుల్జ్, ఆయన్ను విన్న తెల్లజాతి కుర్రాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం బొటనవేలు. గిటారు పైవరసలోని మూడు లావు తీగల మీద బొటనవేలు దాటుకుంటూ ఆగకుండా నడుస్తుంది. లావు తీగ, సన్న తీగ, లావు తీగ, సన్న తీగ. అదే తాళం, అదే శ్రుతి. చూపుడువేలు, కొందరికైతే నడిమివేలు కూడా, కింది సన్న తీగల మీద పాట పలుకుతాయి. ఒక చేత్తో తిరగలి తిప్పుతూ రెండో చేత్తో గింజలు పోసే మనిషిని చూశారు కదా, ఇక్కడ ఆ రెండు పనులూ ఒకే చెయ్యి చెయ్యాలి. వీణ వాయించేవాళ్లకు ఇది మరీ వింతగా తోచదు. మీటే వేళ్లు రాగం నడుపుతుంటే చిటికెనవేలు పక్కనున్న మూడు తాళం తీగలను తాకుతూనే ఉంటుంది. తేడా ఏమిటంటే వీణలో తాళం అప్పుడప్పుడూ పలకరించి పోతుంది, కెంటకీ గిటారులో అది పాట పొడవునా విడవకుండా నడుస్తుంది.

షుల్జ్ దగ్గరి నుంచి ఈ పద్ధతి కెనెడీ జోన్స్‌కు, ఆయన నుంచి మోజ్ రేగర్, ఐక్ ఎవర్లీలకు చేరింది. రేగర్, ఎవర్లీ ఇద్దరూ గని పని చేసినవాళ్లే. ఎవర్లీ కొడుకులిద్దరూ తర్వాత ఎవర్లీ బ్రదర్స్ పేరుతో ప్రపంచమంతా పాడారు. ఈ ఇద్దరి వేళ్లు చూసి నేర్చుకున్న కుర్రాడు మెర్ల్ ట్రావిస్. 1917లో పుట్టాడు, తండ్రి పొగాకు సేద్యం వదిలి గనిలోకి దిగినవాడు. చివరికి ఆ వాయింపుకు పేరు స్థిరపడింది ‘ట్రావిస్ పికింగ్’ అని. షుల్జ్ పేరుతో కాదు, రేగర్ పేరుతో కాదు. రికార్డు మీదికి ఎక్కినవాడి పేరే లోకానికి అందింది.

ట్రావిస్ రికార్డు కథలో ఒక తమాషా ఉంది. 1946లో కాపిటల్ కంపెనీ వాళ్లు ఆయన్ను జానపద గీతాల ఆల్బం ఒకటి చేసిపెట్టమన్నారు. నాకు తెలిసిన జానపదాలన్నీ ఎవరో ఒకరు పాడేశారే అన్నాడాయన. అయితే నువ్వే కొన్ని రాయి అన్నారు. రాశాడు. ఆ విధంగా పుట్టినవే ‘సిక్స్‌టీన్ టన్స్’, ‘డార్క్ యాజ్ ఎ డంజన్’. మొదటిది ఎంత బొగ్గు తవ్వినా కంపెనీ దుకాణంలో బాకీ తీరని కార్మికుడి పాట. అక్కడి కంపెనీలు చాలాచోట్ల కూలిని తమ దుకాణంలోనే చెల్లే చీటీల రూపంలో ఇచ్చేవి. 1955లో టెనెసీ ఎర్నీ ఫోర్డ్ పాడినప్పుడు ఆ పాట అమెరికా అంతా మారుమోగింది. ఇవాళ దాన్ని తాతల కాలం నాటి గని పాట అనుకునేవాళ్లే ఎక్కువ.

మన బొగ్గుట్టలో తీగ బాయిలోకి దిగలేదు. నాకు తెలిసినంతలో సింగరేణి పాట డప్పు పాట, గుంపు పాట. యూనియన్ సభలో, సమ్మె శిబిరంలో, 2011 సకల జనుల సమ్మె రోజుల్లో ఒకడు ఎత్తుకుంటే పదిమంది అందుకున్న పాట. కెంటకీ కార్మికుడు షిఫ్టు దిగి ఇంటి వసారాలో ఒక్కడే గిటారు పట్టుకు కూర్చున్నాడు. ఇది గొప్ప, అది తక్కువ అని తూచను. కాని ఒంటరిగా కూర్చున్నవాడి సంగీతానికి ఒక ఇబ్బంది ఉంది. గుంపు పాట పదిమంది నోళ్లలో ఉంటుంది, ఒకరు పోయినా మిగిలినవాళ్లు మోస్తారు. ఒంటరివాడు పోతే అతని వేళ్లూ అతనితో పోతాయి. ఎవరైనా విని పట్టుకోవాలి, లేదంటే యంత్రం పట్టుకోవాలి.

యంత్రం పట్టుకున్న కాలం ఒకటి అమెరికాకు వచ్చింది. 1920ల్లో గ్రామఫోను కంపెనీలు బీదల పాటల్లో బేరం ఉందని గ్రహించాయి. నల్లజాతి కొనుగోలుదారులకు వేరే వరస ప్లేట్లు, కొండప్రాంతాల తెల్లవాళ్లకు వేరే వరస. విస్కాన్సిన్ రాష్ట్రంలో కుర్చీలు చేసే కంపెనీ ఒకటి గ్రామఫోను పెట్టెలు చేయడం మొదలుపెట్టి, పెట్టెలు అమ్ముడుపోవాలంటే ప్లేట్లూ ఉండాలి కదా అని పారామౌంట్ అనే లేబుల్ నడిపింది. మిసిసిపీ పత్తి చేల గాయకుడు చార్లీ పాటన్ 1929లో ఆ లేబుల్‌కే పాడాడు. గిటారు పెట్టెను దరువులా కొడుతూ పాడే మనిషి. స్కిప్ జేమ్స్ 1931లో గ్రాఫ్టన్ వెళ్లి ఆ లేబుల్‌కే పాడాడు. కంపెనీకి సంగీతం మీద భక్తి ఏమీ లేదు. కుర్చీలమ్మినట్టే పాటలమ్మింది. ఆర్థిక మాంద్యం ముదరగానే పాట ఆగింది, లోహపు అచ్చులు చాలావరకు తుక్కు కింద పోయాయి.

ఈ ప్లేట్లలో మన అడవుల వాటా ఒకటుంది. ఆనాటి 78 ప్లేటును రాతిపొడితో కలిపి బిగించింది లక్క. ప్రపంచానికి ఆ లక్కలో పెద్ద భాగం భారతదేశమే, ముఖ్యంగా ఛోటా నాగ్‌పూర్ వైపు అడవులే పంపాయి. మోదుగ, రేగు కొమ్మల మీద లక్క పురుగు పెట్టిన గూడును ఆదివాసులు గీకి తెచ్చి షావుకారుకు అమ్మితే, అది కలకత్తా ఓడెక్కి వెళ్లి పాటన్ గొంతును మోసింది. మోదుగు పూత మనకు కొత్త కాదు, ఫాల్గుణంలో ఇల్లందు నుంచి గుండాల దారి పట్టినవాళ్లను అడగండి. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క కరువై పాత ప్లేట్లను పోగేసి కరిగించారు. అప్పటిదాకా బతికిన ప్లేట్లలో ఎన్నో ఆ కొలిమిలో పోయాయి.

మిగిలినవి ఇళ్లలో, అటకల మీద, మంచాల కింద ఉన్నాయి. 1950ల్లో కొందరు పిచ్చి కుర్రాళ్లు వాటి కోసం తలుపులు తట్టడం మొదలుపెట్టారు. హ్యారీ స్మిత్ అనే విచిత్రమైన మనిషి తన దగ్గరున్న ప్లేట్లలోంచి 84 పాటలు ఏరి 1952లో ఫోక్‌వేస్ సంస్థ ద్వారా ఒక సంపుటిగా తెచ్చాడు. అమెరికా తన పాటను తానే మళ్లీ విన్నది దాంతోనే. అదే 1952లో వాషింగ్టన్ పక్కన టకోమా పార్క్ అనే చిన్న పట్నంలో పదమూడేళ్ల పిల్లవాడొకడు సియర్స్ కంపెనీ గిటారు పదిహేడు డాలర్లకు కొన్నాడు. పేరు జాన్ ఫాహీ. 1939 ఫిబ్రవరి 28న పుట్టాడు.

ఈ పిల్లవాడు రేడియోలో ఒకరోజు బిల్ మన్రో పాడిన ‘బ్లూ యోడల్ నంబర్ 7’ విని కదిలిపోయాడు. ఈ బిల్ మన్రో ఎవరు? కెంటకీవాడు. కుర్రతనంలో నాట్యాల దగ్గర ఆర్నాల్డ్ షుల్జ్ పక్కన కూర్చుని వాయించినవాడు, తన పాటలోని బ్లూస్ రుచి ఆయన పెట్టిందేనని జీవితాంతం చెప్పుకున్నవాడు. ప్లేటెక్కని షుల్జ్ ఈ విధంగా మరొకరి ప్లేటులో దాక్కుని, తాను పోయిన ఇరవై ఏళ్లకు పైబడిన తర్వాత, టకోమా పార్క్‌లో ఒక పిల్లవాడి చెవిలో పడ్డాడు. ఫాహీకి ఆ సంగతి అప్పుడు తెలిసి ఉండదు.

మన్రో ప్లేటు కోసం వెతుకుతూ ఫాహీ డిక్ స్పాట్స్‌వుడ్ అనే సేకర్తకు దగ్గరయ్యాడు. ఇద్దరూ కలిసి పాత ప్లేట్లకోసం ఇల్లిల్లూ తిరిగారు. ఫాహీకి మొదట కొండప్రాంతపు తెల్లవాళ్ల సంగీతమే కావాలి, నల్లవాళ్ల పాట గిట్టేది కాదు. ఒకసారి దొరికిన బ్లైండ్ విల్లీ జాన్సన్ ప్లేటు విని కడుపులో తిప్పినట్టయిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. కాసేపటికి ఆ పాట బుర్రలోంచి పోనంటే మళ్లీ పెట్టించుకుని విని ఏడ్చాడు. ఆ ఏడుపుతో ఆయన జీవితం దారి మారింది.

రాత్రిళ్లు పెట్రోలు బంకులో పని. ఆ జీతంలో మిగిల్చింది కొంత, ఒక చర్చి గురువు ఇచ్చిన అప్పు కొంత కలిపి 1959లో సొంతంగా ఒక ఎల్పీ అచ్చు వేయించాడు. నూరు ప్రతులు. లేబుల్ పేరు తన ఊరి పేరే, టకోమా. అట్ట మీద ఒకవైపు ‘జాన్ ఫాహీ’ అని, రెండో వైపు ‘బ్లైండ్ జో డెత్’ అని ముద్రించాడు. బ్లైండ్ జో డెత్ అనే మనిషి లేడు. పాత ప్లేట్ల మీద కనిపించే బ్లైండ్ విల్లీ, బ్లైండ్ లెమన్, బ్లైండ్ బ్లేక్ పేర్ల వరసలో ఫాహీ పుట్టించిన బొమ్మ. ఎవరూ కొనకపోతే పాత సామాను కొట్లలో ప్రతులు దాచిపెట్టి వచ్చాడు, ఎప్పుడో ఎవరో సేకర్త తీసి, మరుగునపడిన అంధ గాయకుడు దొరికాడని మురిసిపోతాడని. కొన్ని జానపద పండితులకు పంపాడు. నూరు ప్రతులు చేతి నుంచి పోవడానికి ఏళ్లు పట్టింది.

ఈ చిలిపితనాన్ని మెచ్చుకునేవాళ్లు చాలామంది. నాకు మాత్రం సగమే నచ్చింది. నల్లవాళ్ల గుడ్డితనాన్నీ చావునూ సరుకుగా చూసే సేకర్తలను వెక్కిరించడం దాకా బాగుంది. కాని ఆ గుడ్డితనం, ఆ పేదరికం ఎవరిదో, వేషం కట్టింది బంకు జీతం మీద కాలేజీ చదివే తెల్లబ్బాయి. దొంగ జీవిత చరిత్రలు, దొంగ పరిశోధన వ్యాసాలు రాసి తర్వాతి అట్టల మీద అచ్చు వేసినప్పుడు కూడా ఇదే ఇరుకు కనిపిస్తుంది.

సంగీతం దగ్గరికి వస్తే ఆ ఇరుకు లేదు. 1959 నాటికి ఉక్కు తీగల గిటారు ఒక్కటే, గొంతు లేకుండా, ఎల్పీ రెండు వైపులా వినిపించడం అమెరికాలో వినని సంగతి. కచేరీ వేదిక మీద ఒంటరి గిటారు అంటే స్పెయిన్ సంప్రదాయం, నైలాన్ తీగలు. ఉక్కు తీగల గిటారు పాటకు పక్కవాద్యం, పల్లె వసారా వాద్యం. ఫాహీ దాన్ని కుర్చీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టి మీరు వినండి అన్నాడు. వాయించినవి కొత్తవేమీ కావు. ‘సెయింట్ లూయీ బ్లూస్’, చర్చి కీర్తనలు రెండు, రైలు దారికోసం రాతిని సుత్తితో కొట్టి యంత్రంతో పందెం వేసి చనిపోయిన కార్మికుడు జాన్ హెన్రీ పాట. వాటి పక్కనే తాను కట్టుకున్నవి. ‘ట్రాన్సెండెంటల్ వాటర్‌ఫాల్’ అనే ముక్కలో అప్పటికి జానపదం వినేవాళ్లు వినని అపశ్రుతులు, మధ్యమధ్య ఉలిక్కిపడేటంత నిశ్శబ్దాలు. బార్తోక్ వంటి యూరపు స్వరకర్తలను విన్న చెవి అది. బొటనవేలు మాత్రం మ్యూలెన్‌బర్గ్ బొటనవేలే, మిసిసిపీ బొటనవేలే. అది కింద ఆగకుండా నడుస్తుంటే పైన తోచిన చోటికి పోవచ్చని ఫాహీ కనిపెట్టాడు. ప్రయోగం అన్న మాటకు నేనిచ్చే విలువ ఇంతే. పాతదాన్ని పగలగొట్టడానికి ఎవడైనా చేస్తాడు. పాతదాంట్లో ఎవరూ తెరవని గది చూపించినవాడు అరుదు.

తీగల బిగింపు గురించి ఒక మాట. మామూలు గిటారు శ్రుతిలో ఖాళీ తీగలన్నీ కలిపి మీటితే పొందిక కుదరదు. మిసిసిపీ వాయిద్యగాళ్లు తీగలను సడలించి, ఏ మెట్టూ నొక్కకుండానే ఆరూ కలిసి ఒకే శ్రుతిగా మోగేటట్టు బిగించుకునేవాళ్లు. ఫాహీ ఆ బిగింపుల్లో చాలా వాయించాడు. మన తంబురా నాదం చెవిలో ఉన్నవాళ్లకు ఆయన గిటారు వినగానే పరిచయంగా తోచడానికి కారణం అదే.

ఈయనకు కాలేజీ పట్టాలు కూడా వచ్చాయి. బర్క్‌లీలో తత్వశాస్త్రం మొదలుపెట్టి విసిగి, లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయంలో జానపద విజ్ఞానం చదివి, చార్లీ పాటన్ మీద ఎమ్మే వ్యాసం రాశాడు. 1970లో లండన్‌లో పుస్తకంగా వచ్చింది. దానికంటే పెద్ద పని 1963లో జరిగింది. బుక్కా వైట్ అనే బ్లూస్ గాయకుడు 1940లో అబర్డీన్ అనే ఊరి మీద పాట రికార్డు చేశాడు, తర్వాత జాడ లేదు. ఫాహీ, మిత్రుడు ఎడ్ డెన్సన్ కలిసి ఆ పాటనే చిరునామాగా నమ్మి, ‘పాత బ్లూస్ గాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ వైట్, అబర్డీన్ పోస్టాఫీసు, మిసిసిపీ’ అని ఉత్తరం వేశారు. అబర్డీన్‌లో ఆయన లేడు. అయినా ఉత్తరం బంధువుల చేతుల మీదుగా మెంఫిస్‌లో ఉన్న ఆయనకు చేరింది. టకోమా లేబుల్ మీద ఆయన మళ్లీ పాడాడు. మరుసటి ఏడు ఫాహీ ఇద్దరు మిత్రులతో కలిసి స్కిప్ జేమ్స్‌ను ట్యూనికా ఊరి ఆసుపత్రి మంచం మీద పట్టుకున్నాడు. 1931లో ప్లేటు మీద వదిలిన గొంతు 1964లో న్యూపోర్ట్ ఉత్సవంలో వేలమంది ముందు పలికింది. ప్లేటు ఉండబట్టి మనిషి దొరికాడు. ప్లేటు లేని షుల్జ్ కోసం ఎవరూ ఉత్తరం రాయలేదు, రాసినా పోస్టు చేసే చిరునామా లేదు.

ఇక రాగం. 1960ల అమెరికాలో భారతీయ సంగీతం గాలి బలంగా వీచింది. ఫాహీ స్నేహితుడు రాబీ బాషో రవిశంకర్‌ను విని, అలీ అక్బర్ ఖాన్ దగ్గర పాఠం చెప్పించుకుని, ఉక్కు తీగల గిటారు మీద రాగాల వంటివి అల్లాడు. 1965లో టకోమా అతని మొదటి ఎల్పీ తెచ్చింది. ఫాహీ 1967, 1968 ఎల్పీల్లో ‘ఎ రాగా కాల్డ్ ప్యాట్’ అని నాలుగు భాగాలు చేశాడు. గిటారు కింద ఆవిరి రైలు చప్పుడు, అడవి పక్షుల అరుపులు టేపు నుంచి తెచ్చి కలిపాడు. ఆయన ప్రయోగాల్లో నేను మళ్లీ మళ్లీ వినేది ఇదే. బొగ్గు బండ్ల కూత వింటూ పెరిగిన చెవికి అది అమెరికా రైలని ఎవరూ చెప్పనక్కర్లేదు, రైలయితే చాలు. కాని దాన్ని రాగమంటే ఒప్పుకోను. ఆరోహణ అవరోహణల క్రమం లేదు, స్వరాల నడకకు కట్టుబాటు లేదు, ఒక శ్రుతి మీద నిలబడి ఆలోచించడమే ఉంది. కాకినాడ చిట్టిబాబు వీణ మీద కోకిలను పలికించినప్పుడు కూత కూడా స్వరంలోంచే పుట్టింది. ఫాహీ రైలు టేపులోంచి వచ్చింది. పేరు అరువు, పని మాత్రం సొంతం. 1973లో మూడే పొడవాటి ముక్కలతో చేసిన ‘ఫేర్ ఫార్వర్డ్ వాయేజర్స్’ ఎల్పీని ఆయన స్వామి సచ్చిదానందకు అంకితమిచ్చాడు. 1969 వుడ్‌స్టాక్ ఉత్సవాన్ని ప్రారంభించిన కోయంబత్తూరు వైపు సన్యాసి ఆయనే.

అమ్మకాల మాట వస్తే ఫాహీకి అన్నం పెట్టింది ఈ ప్రయోగాలేవీ కావు, 1968లో చేసిన క్రిస్మస్ కీర్తనల రికార్డు. ఆయన లేబుల్ 1969లో తెచ్చిన లియో కొట్కీ అనే కుర్రాడి ఎల్పీ కూడా బాగా పోయింది. టకోమా 1979లో చేతులు మారింది. తర్వాత తాగుడు, జబ్బులు, విడాకులు. ఓరెగాన్ రాష్ట్రం సేలంలో నిరాశ్రయుల సత్రంలో తలదాచుకుని, గిటార్లు తాకట్టు పెట్టుకుని బతికాడు. 1994లో ఒక పత్రిక ఆయన్ను వెతికి రాసింది. కొత్త తరం వచ్చి చుట్టూ చేరితే ఆయన తన పాత పాటలు వాయించనన్నాడు, కరెంటు గిటారు పట్టుకుని 1997లో మోతలు, గుంయిమనే ధ్వనులతో రికార్డులు చేశాడు. అవి నేను ఒకసారి విన్నాను, చాలు.

తండ్రి పోయినప్పుడు చేతికొచ్చిన ఆస్తితో ఆయన చేసిన పని మాత్రం ఎన్నిసార్లు చెప్పినా చాలదు. మరొకరితో కలిసి 1996లో రెవెనెంట్ అనే లేబుల్ పెట్టి, పాత ప్లేట్ల పాటలను జాగ్రత్తగా తీసి అచ్చు వేయడం మొదలుపెట్టాడు. ఎమ్మే రోజుల నుంచి మోసుకు తిరిగిన చార్లీ పాటన్ పాటలన్నిటినీ పెద్ద సంపుటిగా తెచ్చే పని నడుస్తుండగా, 2001 ఫిబ్రవరి 22న గుండె ఆపరేషను తర్వాత చనిపోయాడు. సంపుటి ఆ ఏడే వచ్చింది, తర్వాత మూడు గ్రామీలు అందుకుంది. నూరు ప్రతుల ‘బ్లైండ్ జో డెత్’ను అమెరికా జాతీయ గ్రంథాలయం 2011లో ప్రకటించిన తన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చుకుంది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. ఒంటరి తీగ మనకేం లోటు కాదు. పదమూడో శతాబ్దపు ‘సంగీత రత్నాకరం’లో కిన్నెర రకాలున్నాయి, పాల్కురికి సోమన ‘బసవపురాణం’లో కిన్నెర బ్రహ్మయ్య కథే ఉంది. వెదురు కర్ర, ఎండు సొరకాయ బుర్రలు, పన్నెండు మెట్లు పట్టుకుని పండుగ సాయన్న వంటి వీరుల కథలు చెప్పినవాళ్లు పాలమూరు వైపు ఉన్నారు. దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే జాబితాలో మన అడవి మనిషీ ఉన్నాడు, మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య. ఆయనది డోలు, తీగ కాదు. కాని పని అదే, ఒక మనిషి ఒక వాద్యం పట్టుకుని ఒక జాతి చరిత్ర అంతా మోయడం. బొమ్మల పడిగె విప్పి ఇంటి పేర్లు, ఇలవేల్పులు, సమ్మక్క సారలమ్మల కథ కోయ భాషలోనూ తెలుగులోనూ చెప్పేవాడు. చదువు లేదు, జ్ఞాపకం ఉంది. 2024 జూన్‌లో కన్నుమూశాడు. ఇద్దరూ పద్మశ్రీ దాకా రావడం వెనుక జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటి పరిశోధకులు ఊళ్లు పట్టుకు తిరిగిన శ్రమ ఉంది. పద్మశ్రీ వచ్చిన రెండేళ్లకు మొగులయ్య కూలి పనికి పోతున్న దృశ్యం కూడా అందరం చూశాం. సేలం సత్రంలో ఫాహీని చూసి జాలిపడేముందు దాన్ని గుర్తుచేసుకోవాలి.

మన గ్రామఫోను కంపెనీలకు కుర్చీల కంపెనీపాటి బేర బుద్ధి కూడా లేకపోయింది. నాటక పద్యం, సినిమా పాట, కచేరీ కీర్తన ప్లేట్లయ్యాయి. వింజమూరి సోదరీమణులు కోస్తా పల్లె పాటను ప్లేటుకు ఎక్కించగలిగారు. గోదావరి అడవి అంచు డోలుకు ఆ యోగం పట్టలేదు. బిరుదురాజు రామరాజు వంటివాళ్లు పాటలను కాగితం మీద నిలబెట్టారు, అది పెద్ద పనే. కాని కాగితం మీద పాట మాట మిగులుతుంది, వాయించిన చెయ్యి మిగలదు. రేపు మన కుర్రాడెవడైనా డోలు దరువు మీదో కిన్నెర మెట్ల మీదో కొత్త ప్రయోగం చేద్దామని బయల్దేరితే, ఫాహీకి దొరికిన పాత ప్లేట్ల గుట్టలాంటిది అతనికి కావాలి. వినడానికి ఏమీ లేకపోతే అతను సినిమా పాటనే తిప్పి వాయిస్తాడు, తప్పు అతనిది కాదు.

మనకు ప్లేట్లు లేవు గాని క్యాసెట్లున్నాయి. 1980లు, 90ల్లో టేప్ రికార్డర్ చేరని గూడెం తక్కువ. కొలుపుల్లో, జాతరల్లో, దినాల్లో, పెళ్లిళ్లలో ఎవరో ఒకరు మీట నొక్కి పెట్టే ఉంటారు. ఇల్లందు, గుండాల, ఆళ్లపల్లి, టేకులపల్లి, బయ్యారం, కారేపల్లి వైపు పాఠకులకు నా విన్నపం. ఇంట్లో అలాంటి క్యాసెట్లుంటే పారేయకండి. చెమ్మ తగలని చోట పెట్టండి. బూజు పట్టినవాటిని పాత ప్లేయర్‌లో పెట్టి తిప్పకండి, టేపు తెగుతుంది, తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించి కంప్యూటర్లోకి ఎక్కించండి. ఎక్కించాక ఒక ప్రతి మీ దగ్గర, ఒక ప్రతి దగ్గరి కాలేజీ తెలుగు శాఖలోనో గ్రంథాలయంలోనో ఉంచండి. పాడినవాళ్లు బతికి ఉంటే ముందు వాళ్ల అనుమతి అడగండి, లేకపోతే పిల్లలను అడగండి. డబ్బా మీద పాడిన మనిషి పేరు, ఊరు, ఏడాది, ఏ సందర్భమో రాయండి. పాట పేరు తెలియకపోతే తర్వాత కనుక్కోవచ్చు.

వచ్చే భాగంలో: గొట్టువాద్యం కర్రముక్క, హవాయి గిటారు ఉక్కు కడ్డీ.